అరుగు మీద ముసుగు

అత్తగారి పొట్ట మీద సంచి మొదటిసారి మార్చిన రోజున కోడలు వాంతి చేసుకుంది.

పెద్దపేగులో గడ్డ తీసేశాక డాక్టర్లు పొట్టకి ఎడమవైపు చిన్న రంధ్రం చేసి, పేగు చివరను అక్కడికి తెచ్చి కుట్టారు. మలం ఆ దారినే వచ్చి, పైన అతికించిన సంచిలో పడుతుంది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నర్సులు మార్చారు. ఇంటికొచ్చాక ఆ పని కోడలి మీద పడింది. ఆమెది కుట్టుపని. ముందుగదిలో మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుట్టేది, ప్యాంట్ల పొడవు తగ్గించేది. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. పొద్దున్న వెళ్తే సాయంత్రం గానీ రాడు. పగలంతా ఇంట్లో మిగిలేది అత్తాకోడళ్ళిద్దరే.

సంచి ఊడదీయగానే వాసన గుప్పుమంది. "ఒక్క నిమిషం అత్తయ్యా" అని స్నానాల గదిలోకి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"నాకే నేనంటే రోతగా ఉంది. నిన్నేమనను" అంది గోడతో.

ఆవిడ మామూలు మనిషి కాదు. పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు ఉత్తరాలు వేరుచేసిన మనిషి. ఆవిడ నోరు విప్పితే ఎదుటివాళ్ళ నోరు మూతపడాల్సిందే. అటువంటి మనిషి ఈ ఆపరేషను సంగతి చుట్టపక్కాల్లో ఎవరికీ తెలియకూడదని కొడుకు చేతా కోడలి చేతా ఒట్టు వేయించుకుంది. కన్నకూతురికి కూడా "కడుపులో పుండు, కోసి తీసేశారు" అని మాత్రమే చెప్పించింది.

ఆ వారంలోనే కోడలికి ఫోనులో ఒక వెబ్‌సైటు దొరికింది. పొట్ట మీద సంచితో బతికేవాళ్ళూ, వాళ్ళని కనిపెట్టుకుని ఉండేవాళ్ళూ మాట్లాడుకునే చోటు. దానికేదో పొడుగాటి పేరుండేది గానీ లోపలివాళ్ళంతా 'అరుగు' అనేవారు. చూడ్డానికి అందులో ఏమీ లేదు. తెల్లటి పేజీ మీద నల్లటి పెద్దపెద్ద అక్షరాలు. ఒకదాని కింద ఒకటి ప్రశ్నలు, వాటి కింద జవాబులు. అసలు పేర్లు ఎవరివీ ఎవరికీ తెలియవు. ఆమె 'కుట్టుమిషను' అని పేరు పెట్టుకుని మొట్టమొదటి మాటే ఇలా రాసింది: "మా అత్తగారి సంచి మారుస్తూ కక్కుకున్నాను. నేనసలు మనిషినేనా?"

పావుగంటలో జవాబొచ్చింది. రాసింది 'నర్సక్క'. ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరై, ఇంట్లో కూర్చుని ఊరూరి వాళ్ళ పుళ్ళు చూసే మనిషి. "ఇక్కడున్నవాళ్ళమంతా కక్కుకున్నవాళ్ళమే తల్లీ. మొహం కడుక్కుని రా. సంచి చుట్టూ చర్మం ఎలా ఉందో ఫోటో తీసి పెట్టు."

ఫోటో పెట్టింది. రంధ్రం చుట్టూ చర్మం చీరుకుపోయినట్టు ఎర్రగా ఉంది. నర్సక్క కొలతలడిగింది. టేపుతో కొలిచి చెప్పింది. "ఆపరేషనప్పటి వాపు తగ్గి రంధ్రం చిన్నదైంది. సంచిని చర్మానికి అంటించే బిళ్ళని నువ్వింకా పాత కొలతకే కత్తిరిస్తున్నావు. మధ్యలో మిగిలిన చర్మం మీద మలం పడి కాలుస్తోంది" అని రాసింది నర్సక్క. కోడలు తల పట్టుకుంది. పొద్దున్న లేస్తే కొలతలు తీసుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఈ ముక్క తట్టలేదు! కొత్త కొలతకి కత్తిరించి, గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, బాగా ఆరనిచ్చి అతికించింది. పది రోజులకి చర్మం మామూలు రంగుకొచ్చింది.

మూడేళ్ళు గడిచాయి. సంచి మార్చడం ఆమెకి గుండీ కుట్టినంత పనైపోయింది. అత్తగారి గొంతూ తిరిగొచ్చింది. సంచి మారుస్తున్నంత సేపూ కోడలి వంటకి వంకలు పెట్టేది. మధ్యాహ్నం కాసేపు మిషను ఆపి, అరుగు మీదికి కొత్తగా వచ్చినవాళ్ళకి తనే జవాబులు రాసేది కోడలు. అక్కడ 'లారీ అన్న' అని ఒకాయన ఉండేవాడు. లారీ నడుపుతాడు, ఒంటరి, ఆయనకీ పొట్ట మీద సంచే. "బండి కండిషన్లో ఉంది చెల్లెమ్మా, సైలెన్సరొక్కటే ముందుకొచ్చింది" అని తన మీద తనే జోకులు వేసుకునేవాడు. ఆయన రాసింది చదివి వినిపిస్తే అత్తగారు సంచి పట్టుకుని నవ్వేది.

ఒక సోమవారం పొద్దున్న అరుగు తెరిస్తే అరుగు లేదు.

పేజీ అంతా లేత గులాబీ రంగు. అక్షరాలు చీమలంత, అదీ బూడిదరంగులో. పైన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న కుటుంబం ఫోటో. వాళ్ళెవరి పొట్ట మీదా ఏ సంచీ ఉన్న జాడ లేదు. ప్రశ్నలకి దారి వెతుక్కోవడానికే పదిహేను నిమిషాలు పట్టింది. తీరా చూస్తే మూడేళ్ళుగా అందరూ పెట్టిన ఫోటోలన్నిటి మీదా మసక పొర కప్పేసి ఉంది. పొర మీద ఒక వాక్యం: "ఈ చిత్రం చూసేవారికి అసహ్యం కలిగించవచ్చు."

"ఏమని ఉంది, చదువు" అంది అత్తగారు.

కోడలు చదవలేదు. "ఏదో మార్చారత్తయ్యా, నాకూ అర్థం కావడం లేదు" అని ఫోను బోర్లా పెట్టేసింది.

ఆ పొర తొలగించాలంటే వయసు రుజువు పెట్టాలి, అనుమతి కోసం ఎదురుచూడాలి. అరుగు మీదున్నవాళ్ళలో సగం మంది డెబ్భై దాటినవాళ్ళు. అక్షరాలే కనపడక చాలామంది ఆ వారంలోనే మాయమయ్యారు. పైన పటారం, లోన లొటారం అని నర్సక్క రాసిన మాట కూడా బూడిదరంగులో వెలవెలబోయింది.

గురువారం లారీ అన్న ఒక ఫోటో పెట్టాడు. "రెండ్రోజులుగా రక్తం వస్తోంది నర్సక్కా, వాసన కూడా తేడాగా ఉంది, చూసి చెప్పు." ఫోటో పడగానే పొర కప్పుకుంది. పైగా కొత్త సైటు లెక్కలన్నీ సున్నా నుంచి మొదలెట్టింది. అందుకని ఆ మాటల కింద రంగురంగుల బుడగలు ఎగిరాయి. "శభాష్! ఇది మీ మొదటి పోస్టు! సంబరం చేసుకుందాం!"

రక్తం కారుతోందన్నవాడి కింద బుడగలు. చూసేసరికి కోడలికి ఒళ్ళంతా కంపరం పుట్టింది.

నర్సక్కకి అనుమతి రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఫోటో చూసిన క్షణాన "వెంటనే ఆసుపత్రికి పో, ఇది చీము" అని రాసింది. అప్పటికి లారీ అన్న జవాబివ్వడం మానేశాడు. ఆయన ఫోను నంబరు ఎవరి దగ్గరా లేదు.

సైటులో ఒక మూల 'మీ అభిప్రాయం చెప్పండి' అని ఉంది. నొక్కితే ముందు ఐదు మొహాల్లో ఒకటి ఎంచుకోమంటుంది. అందులో అన్నిటికంటే ఏడుపుమొహం కూడా కాస్త నవ్వుతున్నట్టే ఉంది. తర్వాత రెండు వాక్యాలకి మించి పట్టని గడి. ఆమె రాసింది: "పుండు కనపడకపోతే మందెలా చెబుతారు? ఫోటోల మీద పొర తీసేయండి." వెంటనే జవాబొచ్చింది: "మీ అభిప్రాయం మాకు అమూల్యం." మళ్ళీ రాసింది. మళ్ళీ అమూల్యం. పదకొండుసార్లు రాసింది.

"జవాబు అంత తొందరగా వచ్చిందంటే ఎవడూ చదవలేదన్నమాటే" అంది అత్తగారు. "మా ఆఫీసులో చిరునామా లేని ఉత్తరాలకి ఒక గోనెసంచి ఉండేది. కనీసం దాన్ని విప్పి చూసేవాళ్ళం."

పన్నెండోసారి రాశాక ఫోనొచ్చింది. సైటు నడిపే కంపెనీ నుంచి తేనె పూసిన గొంతుతో ఒకమ్మాయి, సైటు వాడుకరులతో ముఖాముఖి పెడుతున్నాం, మీరు తప్పకుండా రావాలి అంది. కోడలు మనసు తేలికపడింది. నర్సక్కనీ, ఇంకా మిగిలినవాళ్ళనీ అడిగి ఎవరికే కష్టమొచ్చిందో నోటుపుస్తకంలో ఆరు పేజీలు రాసుకుంది. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని రెండు బస్సులు మారి వెళ్ళింది.

ఆఫీసు ఏడో అంతస్తులో ఉంది. గోడలన్నీ అద్దాలే. కుర్చీల బదులు నేల మీద రంగురంగుల గుండ్రటి మెత్తలు. బోర్డు నిండా పసుపు చీటీలు. గదిలో ఎంత సెంటు కొట్టారో, ముక్కు మండింది. ఆమెతో పాటు మరో నలుగురు వాడుకరులున్నారు. పక్క మెత్త మీద కూర్చున్న ఆవిడని "మీ ఇంట్లో ఎవరికండీ? ఎన్నాళ్ళయింది?" అని మెల్లగా అడిగింది.

"ఎవరికేంటి?" అందావిడ బిస్కట్టు నములుతూ. "ఓ, ఈ జబ్బా? అబ్బే, నాకేం లేదండీ. ఇలాంటి మీటింగులకి నెలకి రెండుసార్లు పిలుస్తారు నన్ను. పోయిన వారం షాంపూది."

మిగతా ముగ్గురూ అంతే. కొత్త సైటు చాలా కూల్‌గా ఉందన్నాడొకడు. రంగు చూస్తే హాయిగా ఉందంది ఒకామె. మేనేజరమ్మ ప్రతి మాటకీ గంగిరెద్దులా తలూపి చీటీల మీద రాయించింది. ఆమె పక్కనే సైటు రూపం మార్చిన కుర్రాడు, డిజైనరట, మల్లెపువ్వులాంటి తెల్ల బూట్లు వేసుకుని కాఫీ తాగుతున్నాడు.

తన వంతు రాగానే కోడలు నోటుపుస్తకం తెరిచింది. లారీ అన్న సంగతి చెప్పింది. ఎవరికీ ఏమీ ఎక్కినట్టు లేదు. అందుకని ఫోను తీసి అత్తగారి పాత ఫోటో, ఆ మొదటి రోజుల్లోది, డిజైనరు ముందు పెట్టింది.

"అయ్యో, ప్లీజ్, తింటున్నాం కదండీ" అని అతను మొహం తిప్పేసుకుని కప్పు దూరంగా జరిపాడు.

"బాబూ, నువ్వీ పుండు ఎప్పుడైనా చూశావా?"

"మేం అన్ని వివరాలూ సేకరించే చేశామండీ..."

"చూశావా అంటున్నాను."

మేనేజరమ్మ నవ్వుతూ అడ్డొచ్చింది. "మీ ఆవేదన మాకు అర్థమవుతోంది. కానీ ఇలాంటి ఫోటోల వల్ల మనవాళ్ళు వెనక్కి వెళ్ళిపోతున్నారని తేలిందండీ."

"మనవాళ్ళెవరు? పుండ్లున్నవాళ్ళా?"

"అంటే... ప్రకటనలిచ్చేవాళ్ళు."

అప్పటికి ఆమెకి విషయం బోధపడింది. నోటుపుస్తకం మూసేసింది. లేస్తుంటే కెమెరా పట్టుకున్న ఒకతను, రెండు మాటలు చెప్పి వెళ్ళండి మేడమ్ అన్నాడు. ముందు ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. కోపంలో చదవకుండానే పెట్టేసింది. కెమెరా వైపు చూసి ఉన్నదున్నట్టు చెప్పింది: "ఈ సైటు లేకపోతే మా అత్తగారు బతికేది కాదు. పేగు బయటికి పెట్టిన మనిషిని ఎలా చూసుకోవాలో నాకిక్కడే నేర్పారు. ఇప్పుడు మీరు దానికి చేసింది చూస్తే రోత పుడుతోంది."

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆడపడుచు ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"వదినా, అమ్మకి పేగు బయట పెట్టారా? మూడేళ్ళ నుంచి నాకు చెప్పలేదా? మా ఆయన ఫోనులో ప్రకటన వస్తే ఎవరో అనుకున్నాను. తీరా చూస్తే నువ్వు! మా అత్తారింటివాళ్ళంతా చూశారు."

కోడలి చేతిలోని కత్తెర కిందపడింది. వెతికి చూసింది. గులాబీరంగు ప్రకటనలో తన మొహం, కింద పెద్ద అక్షరాల్లో తన మాటలు. మొదటి రెండు వాక్యాలే ఉన్నాయి. మూడోది కత్తిరించేశారు. బట్టలో ఎక్కడ కత్తిరిస్తే ఏమవుతుందో తెలిసిన మనిషి ఆమె. వీళ్ళకీ బాగానే తెలుసు. మొహం మీద ఎవరో ఎంగిలి పూసినట్టనిపించి, రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది.

అత్తగారికి చెప్పక తప్పలేదు. ఆవిడ తిడితే బాగుండేది. సాయంత్రం సంచి మార్చడానికి కోడలు పళ్ళెం, తువ్వాలు తెస్తే చేత్తో ఆపింది. "వాణ్ణి రానీ. వాడు మారుస్తాడు" అంది. రెండు రోజులు కోడలితో మాట్లాడలేదు. మేడ మెట్ల దగ్గర పొరుగువాళ్ళు "పెద్దావిడకెలా ఉంది?" అని జాలిగా అడుగుతున్నారు. అడిగేటప్పుడు వాళ్ళ చూపులు లోపల ఆవిడ ఉండే గదివైపు పోతున్నాయి.

మూడో రోజు పొద్దున్న లోపలి గదిలోంచి కేక వినిపించింది.

"అమ్మాయ్! మీ ఆయన బస్సుకి టైరు బిగించినట్టు బిగించి పోయాడు. అంతా కారిపోతోంది. రా."

కోడలు పరుగెత్తింది. కడిగింది, తుడిచింది, కొత్త బిళ్ళ కత్తిరించింది. కళ్ళ నీళ్ళు చేతుల మీద పడుతున్నాయి. "తడి తగిలితే అంటుకోదు, ఆ ఏడుపు ఆపు" అంది అత్తగారు. కాసేపాగి, "ఏదీ, ఆ ప్రకటన చూపించు" అంది. కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. ఆ వెంటనే, కోడలు ఇన్నాళ్ళూ దాచిన ఆ పొర మీది వాక్యం కూడా తానే వెతికి చదివింది.

"అసహ్యమటా?" అంది. "ఆ ఆఫీసెక్కడ? పద."

సంచి మార్చే సామాను సర్దుకుని, ఆటో కట్టించుకుని వెళ్ళారు. గుమ్మంలో కూర్చున్న అమ్మాయి, మేనేజరు మీటింగులో ఉన్నారు, కూర్చోండి అంది. కుర్చీ లేదు. డెబ్భై రెండేళ్ళ మనిషిని కోడలు పట్టుకుని గుండ్రటి మెత్త మీద కూర్చోబెట్టింది. అరగంట గడిచింది. గంట గడిచింది. అద్దం గోడ అవతల మేనేజరమ్మ రెండుసార్లు వీళ్ళని చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.

గంటన్నరకి అత్తగారు కోడలి మోచెయ్యి నొక్కింది. "నిండిపోయింది. ఊడేలా ఉంది."

కోడలు లేచి, బాత్రూమ్ ఎక్కడని అడిగింది.

"అది స్టాఫ్‌కేనండీ, కార్డు ఉండాలి" అంది ఆ అమ్మాయి తలెత్తకుండా. "కింద వీధి చివర ఉంది, అక్కడికెళ్ళండి."

"పెద్దావిడ, నడవలేదమ్మా. ఒక్కసారి తలుపు తీయవా?"

"రూల్సండీ."

అత్తగారు వింటూనే ఉంది. "సరే అమ్మాయ్, తువ్వాలు పరుచు" అంది. "ఇక్కడే కానిద్దాం."

"అత్తయ్యా..."

"ఊరంతా తెలిసింది కదా. ఇంకెవరికి దాచాలి? పరుచు."

కోడలు మెత్త మీద తువ్వాలు పరిచింది. శాలువా అడ్డం పెట్టింది. చేతికి తొడుగులు వేసుకుని, రోజూ ఇంట్లో చేసినట్టే మెల్లగా సంచి ఊడదీసింది. సెంటు వాసన ఎటుపోయిందో గాని, ఆ గది నిండా మనిషి వాసన నిండిపోయింది. ఒక్కొక్కరే తలెత్తారు. ముక్కులు మూసుకున్నారు. ఒకామె "ఓ గాడ్" అంటూ లిఫ్టు వైపు పరుగెత్తింది. మీటింగు గది తలుపు తెరుచుకుంది. తెల్ల బూట్ల కుర్రాడు బయటికొచ్చి, రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"రా నాయనా, దగ్గరికి రా" అంది అత్తగారు. గొంతులో కోపం లేదు, పోస్టాఫీసు కౌంటరు అవతలి మనిషిని పిలిచినట్టే పిలిచింది. "నువ్వు ముసుగేసింది దీనికే. ఒక్కసారైనా చూడకుండా ఎలా వేశావు?"

అతను చూడలేదు. నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

మేనేజరమ్మ రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చింది. "అమ్మా, మీ బాధ మేము అర్థం చేసుకోగలం, కానీ ఇది..."

"నువ్వు అర్థం చేసుకోనక్కర్లేదు. నా కోడలి బొమ్మ తియ్యి. నా పేగు చూపించి నీ సరుకు అమ్ముకోవద్దు."

"దానికి వాళ్ళు సంతకం పెట్టారు. పద్ధతి ప్రకారం ఒక వారం..."

"అమ్మాయ్, తొందరేం లేదు" అంది అత్తగారు కోడలితో. "నెమ్మదిగా తుడువు. వారం రోజులు పడుతుందట. ఇక్కడే ఉందాం."

ప్రకటన తీసేయడానికి పది నిమిషాలు పట్టింది. మేనేజరమ్మ తన ఫోనులో చూపించింది, చెయ్యి దూరంగా చాచి.

వాడిన సంచిని మూటకట్టి, ఎక్కడ పారేయాలని కోడలు అడిగితే అందరూ వెనక్కి జరిగారు. ఆఫీసు ఊడ్చే ఆవిడ ఎక్కడినుంచో ఒక బుట్టా, బకెట్టుతో నీళ్ళూ తెచ్చింది. "కాళ్ళు కాస్త ఎత్తండమ్మా" అని కింద తుడిచింది. ముక్కు మూసుకోలేదు. మూట తీసుకుని బుట్టలో వేసి, మూత పెట్టి వెళ్ళిపోయింది.

ఆటోలో అత్తగారు శాలువా పొట్ట మీదికి లాక్కుంది. "నాకు సిగ్గేసింది" అంది. "చచ్చేంత సిగ్గేసింది. వాళ్ళకి మాత్రం వెయ్యలేదే అమ్మాయ్, చూశావా?"

ఫోటోల మీద పొరలు అలాగే ఉన్నాయి. తర్వాతి నెలలో పాత ప్రశ్నలు కూడా తీసేసి, వాటి చోట బలం పొడుల ప్రకటనలు పెట్టారు. ఆ ప్రశ్నలు పోకముందే నర్సక్కా, కోడలూ, ఇంకో పదిమందీ పగలు వీలైనప్పుడల్లా కూర్చుని పనికొచ్చే జవాబులు కాగితాల మీదికి ఎక్కించారు. దొరికినవాళ్ళతో ఫోనులో ఒక గుంపు కట్టారు. అరుగు మీద తొమ్మిదివందల పైచిలుకు మంది ఉండేవారు. గుంపులోకి చేరింది నూట నలభై మంది. మిగతావాళ్ళు ఏమయ్యారో, ఏ పుండుతో ఎవరిని అడుగుతున్నారో తెలియదు. ఆ సైటు పేరు ఎక్కడ కనపడినా కోడలికి ఇప్పటికీ నోట్లో చేదు ఊరుతుంది.

లారీ అన్న బతికాడు. మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి, రెండోసారి కోయించుకుని, ఎవరి ద్వారానో నర్సక్క నంబరు పట్టుకున్నాడు. మొన్న కోడలికి ఫోన్ చేశాడు. చుట్టూ చర్మం మళ్ళీ మండుతోందట.

"ఫోటో తీసి పంపించన్నా, ఇక్కడ ఏ పొరా లేదు" అంది.

"వద్దులే చెల్లెమ్మా."

"ఎందుకు?"

"చూసేవాళ్ళకి అసహ్యమని రాశారు కదా." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "నోటితో చెబుతాను. రాసుకో."

ఆమె ఎంత బతిమాలినా పంపలేదు. ఇక చేసేదిలేక టేపు తీసుకోమంది. రంధ్రం ఇటు నుంచి అటు ఎంతుందో కొలవమంది. మిషను మీదున్న బట్ట పక్కకి నెట్టి, సుద్దముక్కతో బల్ల మీద ఆయన చెప్పిన కొలతకి ఒక గుండ్రం గీసింది. "ఎర్రగా ఉందన్నావు. ఎంత ఎర్రగా అన్నా? తడిగా ఉందా, పొడిగా ఉందా? తొందర లేదు, చూసి చెప్పు" అంది.